తాత బుల్లెట్టు నడపాల్నా, కొత్త బండి కొనాల్నా?

అడిగిన ముచ్చట క్లుప్తంగ ఇది. పరకాల నుంచి హన్మకొండకు రోజూ కొలువుకు పోయొచ్చే ఒక తమ్ముడు, పోను రాను దాదాపు డెబ్బై కిలోమీటర్లు. తాత పోయి రెండేండ్లు అయింది. ఆయన 1986 మోడల్ బుల్లెట్ ఇంటెనుక రేకుల కింద ఆరేండ్ల సంది నిలబడే ఉన్నది. చేతిలో రెండున్నర లక్షలు ఉన్నయి. ఆ బండినే బాగు చేయించి రోజూ దాని మీద తిరగాల్నా, దాన్ని అమ్మి కొత్త రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకోవాల్నా, లేక చిన్నప్పటి సంది మనసు పడ్డ యమహా ఆర్‌ఎక్స్ 100 ఒకటి చూసుకోవాల్నా అని అడిగిండు.

తమ్మీ, ముందు నా మాట చెప్త, ఎందుకో తర్వాత చెప్త. తాత బండి అమ్మకు. దాని మీద రోజూ కొలువుకు పోకు. ఇంట్లో అసలు బుల్లెట్ ఉండంగ, దాని పోలిక కోసం రెండు లక్షలు పెట్టి క్లాసిక్ కొనుడు కూడా నీకు అవసరం లేదు. నీ దగ్గరున్న పైసలతోని రోజు తిరిగే బండి ఒకటి వస్తది, తాత బండి లేస్తది. రెండూ అయితయి.

నాది వరంగల్‌లో లేత్, బోరింగ్ పని. ముప్పై ఏండ్ల సంది సిలిండర్లు కోస్తున్న. బుల్లెట్, యెజ్డీ, రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్, స్ప్లెండర్, పల్సర్, ఉమ్మడి జిల్లా రోడ్ల మీద తిరిగిన ప్రతి రకం ఇంజన్ ఎప్పుడో ఒకప్పుడు నా మిషన్ మీదికి వచ్చిందే. ఇంట్లో నాకు మూడు బండ్లున్నయి: 1984 బుల్లెట్, 1994 ఆర్‌ఎక్స్ 100, 2022లో కొన్న క్లాసిక్. మూడూ నడుస్తయి. మూడిటినీ ప్రేమతోనే చూసుకుంట. అందుకే ఏది దేనికి పనికొస్తదో నిక్కచ్చిగ చెప్పగలుగుత.

నువ్వు మైలేజీ అడిగినవు, ఖర్చు అడిగినవు, స్పేర్ పార్టులు దొరుకుతయా అని అడిగినవు. బ్రేకు గురించి ఒక్క మాట అడగలే. నేను అక్కడి నుంచే షురూ చేస్త.

మీ తాత బండికి గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. మొదటి గేరు పైకి, మిగిలిన మూడు కిందికి. ఇయ్యాల దొరికే గేరు బండ్లకు ఇది ఉల్టా, గేరు ఎడమ కాలికి, బ్రేకు కుడి కాలికి. చెప్తే చిన్న తేడా లెక్కనే ఉంటది. అది ఎంత పెద్దదో నాకు క్లాసిక్ కొన్న మూడు నెలలకు తెలిసింది. ఒక ఆదివారం పొద్దున రామప్ప దాక పోదామని పాత బుల్లెట్ తీసిన. గూడెప్పాడ్ దాటినంక, మల్లంపల్లి ఇంకా రాకముందు, పత్తి చేను గట్టు మీది నుంచి ఒక బర్రె రోడ్డెక్కింది. స్పీడు యాభై కూడా లేదు. మూడు నెలల సంది కొత్త బండి మీద బ్రేకు తొక్కుతున్న కుడి కాలు నన్ను అడగలేదు, బలంగ కిందికి తొక్కింది. అక్కడున్నది గేరు. మూడో గేరులో ఉన్న బండి నాలుగుకు పడ్డది, ఇంజన్ పట్టు ఇంకింత సడలి బండి అట్లనే ముందుకు పోయింది. ముందు బ్రేకు పిడికిలి పట్టి మట్టిలోకి దింపిన. మోకాలు చీరుకపోయింది, హెడ్‌లైట్ పగిలింది. బర్రెకు ఏం కాలేదు. ముప్పై ఏండ్ల అలవాటు మూడు నెలల్లో మారుతదని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఆ రోజు సంది నా బుల్లెట్ ట్యాంకు మీద, ఎడమ దిక్కు, బొటనవేలంత తెల్ల టేపు ముక్క ఒకటి అంటించి ఉంటది. బండి ఎక్కంగనే కన్ను దాని మీద పడాలె. ఇంటి నుంచి వెళ్ళినంక ఖాళీ సందులో నాలుగైదు సార్లు ఎడమ కాలితోని బ్రేకు కొట్టి చూసుకున్నంకనే పెద్ద రోడ్డెక్కుత. నువ్వు కూడా ఇట్లనే చెయ్. వారమంతా ఒక బండి, ఆదివారం ఇంకో బండి నడిపేటోనికి ఇది తప్పనిసరి.

బ్రేకు ఎటున్నదనేది ఒక సంగతి, ఎంత పట్టుతదనేది ఇంకో సంగతి. పాత బుల్లెట్‌కు ముందూ వెనుకా డ్రమ్ములే. షూలు కొత్తవి వేసి, డ్రమ్ము నా లేత్ మీద సాపు చేసి, కేబుల్ మార్చి, ఎంత మంచిగ కూర్చోబెట్టినా అది డిస్కు బ్రేకు కాదు. నువ్వు పోయే తొవ్వ ఎట్లుంటదో నాకు ఎరుకే. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పోయే బండ్లు రోడ్డు మీదికి ఒరిగి పోతుంటయి, ఇసుక లారీలు వెనుక నుంచి హారన్ కొడుతనే ఉంటయి, ఆత్మకూరు దగ్గర ఎవడు ఎటు మలుగుతడో తెల్వది. కొత్త క్లాసిక్‌కు ముందు 300 మిల్లీమీటర్ల డిస్కు ఉంటది, వెనుక కూడా డిస్కు తీసుకుంటే 270 మిల్లీమీటర్లు, పైన ఏబీఎస్, అంటే బ్రేకు గట్టిగ పట్టినా చక్రం లాక్ కాకుండ చూసేది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి చేసిన్రు. నేను పాత బండ్లంటే ప్రాణమిచ్చేటోన్ని, అయినా చెప్తున్న: గడిచిన ఇరవై ఏండ్లలో బండ్లకు జరిగిన మేలు అన్నిటికంటె పెద్దది ఇదే. తడి రోడ్డు మీద ముందు చక్రం లాక్ కాకుండ ఆపుడు మనిషి చేతికి సాధ్యమయ్యే పని కాదు.

ఇంత చెప్పినంక, మరి అమ్మకు అని ఎందుకన్న?

రేపు ఆ బండి లేసినంక నువ్వే ఒకసారి స్టార్టు చేసి చూడు. తాళం తిప్పుతే హెడ్‌లైట్ పక్కన ఉన్న అమ్మీటర్, అంటే కరెంటు చూపే మీటర్, ముల్లు కొంచెం ఎడమకు పడతది. కిక్ మెల్లగ తొక్కుతా పో. ఒక దగ్గర కాలికి గట్టిగ తగులుతది, అదే కంప్రెషన్. అప్పుడే ముల్లు నడిమికి వస్తది, అంటే ప్లగ్‌కు నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు తెరుచుకున్నయన్నట్టు. ఎడమ చేతి దగ్గరున్న చిన్న డీకంప్రెషన్ లివర్, అంటే ఆ కంప్రెషన్‌ను వదిలించేది, పట్టి కిక్‌ను ఇంకో రెండు వేళ్ళంత కిందికి జరుపు. లివర్ వదులు. కిక్‌ను పైదాక రానియ్యి. ఇగ రేజ్ ఇయ్యకుండ, ఒంటి బరువంతా వేసి ఒక్కటే కిక్. సరిగ్గ చేస్తే ఒక్క దెబ్బకు లేస్తది. చేయకపోతే వెనుకకు తన్ని కాలి మడమ పట్టుకునేటట్టు చేస్తది. మీ తాత ఈ పని వేలసార్లు చేసి ఉంటడు. ఆ ముల్లును చూసుకుంట, ఆ కాలితోని ఇంజన్ లోపల పిస్టన్ ఎక్కడున్నదో పసిగట్టుడు, అదంతా ఆ బండితోనే వచ్చే విద్య. అమ్మితే విద్య కూడా పోతది.

పాత బుల్లెట్ సౌండు కొత్త బండ్లకు లేదని నువ్వు రాసిన మాట నిజమే. ఎందుకు లేదో తెలుసుకుంటే వాటి మీద కోపం పోతది. పాత కాస్ట్ ఐరన్ ఇంజన్ 346 సీసీ. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ ఎక్కి దిగే దూరం, 90. స్ట్రోకు ఎక్కువ, లోపల చక్రాలు బరువు, ఐడిలింగ్ మస్తు తక్కువకు పెట్టొచ్చు. అందుకే ఒక్కొక్క దెబ్బ విడివిడిగ వినపడతది. 18 హార్స్ పవర్‌కు ఇంత ఇనుము. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్ 349 సీసీ, 72 బోరు, 85.8 స్ట్రోకు, లోపల అదురు తగ్గించేటందుకు బ్యాలెన్సర్ షాఫ్టు. అదురు పోయింది, దానెంబడే ఆ విడివిడి దెబ్బ కూడా కొంత పోయింది. నా క్లాసిక్ మీద మా ఇంటామెతోని కాళేశ్వరం పోయొస్తే ఆమెకు నడుము నొయ్యలేదు. బుల్లెట్ మీద ములుగు దాక పోతేనే దిగి నడుము పట్టుకునేది. రెండూ ఒకే పేరు మోస్తున్నయి గని, ఒకటి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ కంపెనీ మొదలైన నాటి మనిషి, ఇంకోటి ఈ కాలం పిల్లగాడు. పోల్చి ఒకదాన్ని తిట్టుడు నాకు నచ్చదు.

పాతదానికి టైము అడిగే గుణం ఉన్నది. కొత్త బండికి ఒక్క నూనె పోస్తే ఇంజనూ గేర్‌బాక్సూ క్లచ్చూ అన్నీ దాంతోనే నడుస్తయి. నీ బండికి ఇంజన్ నూనె వేరు, గేర్‌బాక్సుది వేరు, ప్రైమరీ చైన్ కవర్లో పోసేది వేరు. పాయింట్ల గ్యాప్, ట్యాపెట్లు, చైను ఎప్పుడూ చూసుకుంటనే ఉండాలె. నెలకు ఒక ఆదివారం సగం పూట దాని ముంగట కూర్చునే ఓపిక ఉంటేనే ఇది సుఖపెడతది. రోజూ డెబ్బై కిలోమీటర్లు తిప్పితే ఆ సగం పూట వారానికోసారి అయితది, పొద్దున ఎనిమిదింటికి పంచింగ్ ఉన్నోనికి అది కుదరదు.

బాగు చేయించేటప్పుడు చానమంది చేసే తప్పు ఒకటున్నది: ముందుగాల రంగు కొట్టిస్తరు. నా దగ్గరికి తళతళలాడే ట్యాంకుతోని వచ్చి, ఇంజన్ తెరిస్తే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయి ఉన్న బండ్లు ఎన్నో చూసిన. తాత బండి ట్యాంకు మీద బంగారు గీతలు ఉంటే వాటిని అస్సలు చెరపకు, అవి బ్రష్షుతోని చేత్తో గీసినవి. మాసిపోయినా సరే. ఒరిజినల్ కార్బురేటర్, అమ్మీటర్, టూల్ బాక్సుల మూతలు, ఇవి పోతే మళ్ళీ దొరకవు. మెకానిక్ "కొత్తది వేస్త" అని పాతది తీస్తే, ఆ పాతదాన్ని అడిగి ఇంటికి తెచ్చుకో. సిలిండర్ బోరు కొట్టించే ముందు పిస్టన్ చేతికి రావాలె. పిస్టన్ కొలిచి, దానికి సరిపోయేటట్టు బోరు కోయాలె గని, సైజు పేరు చెప్పి కోయమంటే కోసేటోని దగ్గరికి పోకు.

పెట్రోలు సంగతి వేరేగ చెప్పాలె, ఇది పాత బండ్లున్న అందరికీ పనికొస్తది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్. మీ తాత బండి తయారైనప్పుడు ఇది ఎవలూ ఊహించనిది. ఇథనాల్ గాలిలోని తేమను గుంజుకుంటది. వానాకాలం మూడు నెలలు బండి తీయకుండ పెడితే ట్యాంకు అడుగున నీళ్ళు చేరి తుప్పు మొదలైతది, కార్బురేటర్లో తెల్లటి పొడి పేరుకుంటది. పాత రబ్బరు పైపులు మెత్తబడి ఉబ్బుతయి. అందుకే పెట్రోల్ పైపు, రబ్బరు వాషర్లు ఈ20కి తట్టుకునే కొత్తవి వేయించు. పది పదిహేను రోజులు తీయనని తెలిస్తే పెట్రోల్ కాక్ బందు పెట్టి, ఇంజన్ దానంతట అదే ఆగే దాక నడిపి కార్బురేటర్ ఖాళీ చెయ్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటది గనుక గాలి, పెట్రోలు మిశ్రమం పలుచబడతది, ఇంజన్ వేడెక్కుతది. కార్బురేటర్లో పెట్రోలు పోయే మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేస్తే చాలా మటుకు సర్దుకుంటది. ప్లగ్ తీసి చూడు, ఇటుక పొడి రంగుంటే మంచిది, సున్నం లెక్క తెల్లగుంటే పలుచగ కాలుతున్నట్టు.

ఈ పలుచటి మంటే ఆర్‌ఎక్స్ 100ల ప్రాణం తీస్తున్నది. 1985 నుంచి 1996 దాక వచ్చిన టూ స్ట్రోక్ బండి అది, అంటే పెట్రోలుతోపాటు నూనె కూడా కాలే ఇంజన్. 98 సీసీ, 11 హార్స్ పవర్, మొత్తం బండి బరువు వంద కిలోల చుట్టూ. ఈ మూడు అంకెలు కలిస్తేనే ఆ పికప్. దాన్ని మించిన చిన్న బండి మన దేశంలో రాలేదని నేను ఇప్పటికీ అంట. కని ఇయ్యాల మార్కెట్లో దొరికే ఆర్‌ఎక్స్‌లలో ఎక్కువ మటుకు అతుకుల బొంతలు. ఇంజన్ ఒక బండిది, చాసిస్ ఒక బండిది, సైలెన్సర్ ఎవడో మేడిపల్లిలో చేసింది. నంబరు గీకి మళ్ళీ కొట్టినవి కూడా నా కండ్లతోని చూసిన. ఎండాకాలం నెలకు రెండు మూడు జామైన పిస్టన్లు నా బల్ల మీదికి వస్తయి. పిస్టన్ చేతిలో పట్టుకొని చూస్తేనే కథ తెలుస్తది. సైలెన్సర్ దిక్కు నిలువు గీతలు పడితే నూనె తక్కువైందో, మిశ్రమం పలుచబడ్డదో. నాలుగు మూలలా గీతలు పడితే బోరు బిగుతుగ కోసిన్రు, లేదా ఇంజన్ వేడెక్కకముందే గుంజి తిప్పిన్రు. కంపెనీ ఇచ్చిన ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్లో నూనె కలిపి నడపమని చెప్పే మెకానిక్‌లు చానమంది ఉన్నరు. ఆ పంపు రేజ్‌ను బట్టి నూనె పోస్తది, దాన్ని తీయనియ్యకు. నీకు తెలిసినోళ్ళ ఇంట్లో, ఒకే చేతి మీద, కాగితాలతోని ఉన్న ఆర్‌ఎక్స్ దొరికితే అప్పుడు మాట్లాడుదాం. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి లక్షలు పోయకు.

యెజ్డీ, రాజ్‌దూత్ 350 గురించి ఒక మాట. మైసూరులో తయారైన యెజ్డీకి కిక్కూ గేరూ ఒకటే రాడ్డు, లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ అయితది. ఆ తెలివికి నేను ఇప్పటికీ దండం పెడ్త. 1996లో ఫ్యాక్టరీ బందైనా స్పేర్లు ఇంకా దొరుకుతున్నయి. రాజ్‌దూత్ 350 మాత్రం అనుభవం లేనోని చేతికి వద్దు, దాని స్పేర్ల వేటలోనే ఏడాది గడుస్తది.

బండి మీద ఒక్క రూపాయి పెట్టకముందు కాగితాలు చూడు. 1986 బండి గనుక పాత మూడక్షరాల నంబరు, పుస్తకం లెక్క ఉండే ఆర్‌సీ ఉంటది. అది ఆన్‌లైన్‌లో ఎక్కిందో లేదో ఎంపరివాహన్ అనే సర్కారు యాప్‌లో నంబరు కొట్టి చూడు. ఎక్కకపోతే ముందు ఆర్టీఏ ఆఫీసులో ఎక్కించుకోవాలె. సొంత బండికి ఆర్‌సీ పదిహేనేండ్లు, ఆ తర్వాత ఐదేండ్లకోసారి రెన్యువల్, దానికి ఫారం 25, గ్రీన్ ట్యాక్స్. ఓనరు చనిపోయిన బండిని వారసుని పేరు మీదికి మార్చుకునేది ఫారం 31. మరణ ధ్రువపత్రం, మీ నాయన, బాబాయిలకు అభ్యంతరం లేదనే కాగితం ముందే తయారు పెట్టుకో, ఇంట్లో అందరూ మంచిగున్నప్పుడే ఈ పని అయిపోవాలె. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తోని రుద్దితే అచ్చు పడతది, ఆర్‌సీతోని అక్షరం అక్షరం సరిచూసుకో.

ఇగ రోజు తిరిగే బండి. నువ్వు ఏడాదికి ఇరవై వేల కిలోమీటర్లు తిరుగుతవు. నా క్లాసిక్ లీటరుకు 35 ఇస్తది, 195 కిలోల బండి అంతకంటె ఇయ్యమంటే ఇయ్యదు. నీకు 160 సీసీ బండి సరిగ్గ సరిపోతది. పల్సర్ ఎన్160కి రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉన్నది, లారీ రోడ్డు మీద నీకు నేను మొదట చెప్పేది అదే. అపాచీ 160 4వీ ఇంజన్ ఇంకింత హుషారు. వంద సీసీ స్ప్లెండర్‌ను నేను ఎవ్వలి ముంగట తక్కువ చేయనియ్య, లక్ష కిలోమీటర్లు తిరిగి బోరు ముట్టని సిలిండర్లు చూసిన, కని హైవే మీద లారీని దాటేటప్పుడు నీకు ఊపు చాలదు. లక్షన్నర చుట్టూ బండి వస్తది, మిగిలిన లక్ష తాత బండికి.

మనసు ఆగకుండ 350నే కావాలంటే, 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాక ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ పైవాటికి 40. క్లాసిక్ కూర్చునేటందుకు మంచిది, హంటర్ ఊర్లో తిప్పేటందుకు, హోండా సీబీ350 ఇంజన్ నున్నగ నడుస్తది. ట్రయంఫ్ స్పీడ్ 400 నడిపి చూసిన, 40 హార్స్ పవర్, మస్తు మజా వచ్చింది, కని నీ తొవ్వకు అంత అవసరం లేదు. ఏది కొన్నా ఒకటి యాదిపెట్టుకో: కొత్త బండి సెన్సార్ పోయి ఏటూరునాగారం అడవిలో ఆగితే పక్క ఊరి మెకానిక్ స్పానరు పట్టుకొని ఏం చేయలేడు, స్కానర్ ఉన్న చోటికి డీసీఎంలో ఎక్కించి తేవాలె. పాత బుల్లెట్ ఆగితే ఒక ప్లగ్, ఒక పాయింట్ సెట్టు, క్లచ్ కేబుల్, పాయింట్లు రుద్దే గాజు కాగితం ముక్క టూల్ బాక్సులో ఉంటే ఇంటికి చేరుతవు.

ఈ ఆదివారం ఏం చేయాల్నో చెప్త. కిక్ మీద కాలు పెట్టకు. ఆరేండ్లు నిలబడ్డ ఇంజన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్‌కు అతుక్కొని ఉండొచ్చు, గట్టిగ తొక్కితే విరుగుతయి. ప్లగ్ విప్పు. ఆ రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ నూనె పొయ్యి, గుడ్డ కప్పి తెల్లారేదాక వదిలేయ్. ట్యాంకులో ఉన్న పాత పెట్రోల్ మొత్తం తీసెయ్, అది వార్నిష్ వాసన వస్తది. తెల్లారినంక ప్లగ్ లేకుండనే, కిక్‌ను చేత్తోని మెల్లగ నొక్కు. కదిలితే పది సార్లు అట్లనే తిప్పి, మూడు నూనెలు మార్చి, నాకు కబురు చెయ్, పాయింట్లు ఎట్ల శుభ్రం చేయాల్నో చెప్త. కదలకపోతే బలవంతం చేయకు. ఇంకింత నూనె పోసి, వారం ఆగి మళ్ళీ చూడు.